దూదక్క నేర్చిన ఎస్పెరాంటో

పంటి డాక్టరు దగ్గర పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఆమెకు సొంత పేరొకటి ఉండే ఉంటుంది గాని, వీధిలో అది ఎవరికీ గుర్తులేదు. పన్ను పీకించుకున్నవాళ్ళ నోట్లో దూది ఉండ పెట్టి, "గట్టిగా కరిచిపట్టుకోండి, అరగంట దాకా మాట్లాడకండి" అని చెప్పి పంపేది ఆమే. అందుకని దూదక్క అయింది. కూరగాయల దుకాణంలోనో బస్సులోనో ఆమె ఎదురైతే, పలకరించేలోపే జనం చెయ్యి దానంతటదే దవడ మీదికి పోయేది.

నలభై ఏడేళ్ళ మనిషి. పొట్టి. డాక్టరుగారి ఎత్తుకు అందడం కోసం కుర్చీ పక్కన చెక్కపీట వేసుకుని నిలబడేది. ఒక చేతిలో ఉమ్ము లాగే గొట్టం, రెండో చెయ్యి దీపం మీద. చేతులకు ఎంత పనున్నా నోటికి విశ్రాంతి ఉండేది కాదు. వాన గురించో, బస్సుల గురించో, పక్కింటి పిల్లి గురించో ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. కుర్చీలో ఉన్నవాళ్ళు "ఆఁ... ఆఁ..." అనడం తప్ప ఏమీ అనలేరు. అలా పద్దెనిమిదేళ్ళుగా ఆమె కబుర్లన్నీ జవాబు చెప్పలేనివాళ్ళతోనే.

అంత వాగ్ధాటి ఉన్న మనిషికి ఇంగ్లీషు అనేసరికి నోరు పెగిలేది కాదు. దానికో కారణం ఉంది. పెళ్ళయిన కొత్తలో, బావగారు, అంటే భర్తకు అన్నగారు, హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారు, నలుగురి ముందు ఆమెను ఇంగ్లీషులో ఏదో అడిగారు. తనకు ఇద్దరు తమ్ముళ్ళున్నారని చెప్పబోయి ఆమె "ఐ యామ్ టూ బ్రదర్స్" అంది. నేనే ఇద్దరు అన్నదమ్ములం అన్నట్టు. ఆ రోజు గది గదంతా నవ్వింది, సరే. కాని బావగారు ఆ నవ్వును ఇరవై మూడేళ్ళు దాచుకుని వాడుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం టీకి వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే, "ఏమ్మా టూ బ్రదర్స్, ఇద్దరూ బాగున్నారా?" అనేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన కప్పులే మళ్ళీ కడిగేది.

ఒక వానాకాలంలో, తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయనొకరు కట్టుడు పళ్ళ కోసం వచ్చారు. కింది దవడ అరిగిపోయి ఉండటంతో అచ్చు ఎంతకీ కుదరక, పదకొండుసార్లు తిరగవలసి వచ్చింది. వచ్చినప్పుడల్లా బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో ఒక పలచని పుస్తకం పెట్టుకుని పెదవులు కదిపేవారు. ప్రార్థన కాబోలు అనుకుంది దూదక్క. నాలుగోసారికి ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఎస్పెరాంటో" అన్నారాయన. పళ్ళు లేవు కాబట్టి అందులో సగం గాలే వచ్చింది. "ఒక భాషమ్మా."

"ఏ దేశంవాళ్ళదండీ?"

"ఏ దేశంవాళ్ళదీ కాదు. నూట ముప్పై ఏళ్ళ పైమాటే, ఒక కంటి డాక్టరు కూర్చుని తయారుచేశాడు. ఎవరూ ఇది మాది అని మీసం మెలేయకూడదని."

దూదక్క ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "అయితే ఇందులో తప్పు మాట్లాడితే ఎవరు నవ్వుతారు?"

పెద్దాయన ఆ ప్రశ్న ఎన్నడూ విన్నట్టు లేరు. "నవ్వడానికెవరున్నారు? అమ్మ ఒళ్ళో నేర్చుకున్నవాళ్ళు ఎక్కడో వెయ్యికొకరు. మిగతా అందరూ నీలాగా నాలాగా పుస్తకం పట్టుకుని కుస్తీపట్టినవాళ్ళే."

ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. ఆ రోజు నుంచి ఆయన వచ్చిన ప్రతిసారీ, డాక్టరుగారు చేతులు కడుక్కునేలోపు రెండు మాటలు అడిగి తెలుసుకునేది. పన్నును 'దెంతో' అంటారు అని ఆయన చెబితే, "మన దంతమేనండీ, తోక మారింది!" అని పొంగిపోయింది. పదకొండో రాకలో పళ్ళు కుదిరాయి. పెద్దాయన అద్దంలో చూసుకుని, రెండుసార్లు టకటకమనిపించి, పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టారు.

"నేను వేరే ఊరు మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. ఉత్తరం రాయి. కాని ఈ భాషలోనే రాయాలి. లేకపోతే జవాబు రాయను."

అలా మొదలైంది. పొద్దున్నే స్టవ్వు మీద టీనీళ్ళు మరుగుతుంటే, వాడేసిన అపాయింట్‌మెంటు కార్డుల వెనక మాటలు రాసుకుని పైకి చదువుకునేది. మూడు గదుల ఇల్లు, గోడలు పలచన. ఆమె నేర్చుకుంటున్న సంగతి మొదటి వారంలోనే ఇంటిల్లిపాదికీ తెలిసింది.

ఆమె భర్త కుళాయిల మేస్త్రీ. పనికి బయల్దేరుతూ ఒకరోజు కార్డు లాక్కుని చూశాడు.

"ఏంటే ఇదంతా?"

"పేర్లండి. ఏ వస్తువు పేరైనా 'ఓ'తోనే అయిపోతుంది. సేజో, తాబ్లో, లీతో. కుర్చీ, బల్ల, మంచం."

"ఇంతోటి దానికి పుస్తకమెందుకు? నాకూ వచ్చు. కుర్చీయో, బల్లో, మంచమో... ముందు ఏదో ఒకటి తేల్చుకోవే తల్లీ!" అని తన జోకుకు తనే పడీపడీ నవ్వాడు. అంతటితో ఊరుకోలేదు. ఆ వారం ఎవరింట్లో కుళాయి బిగించినా ఈ జోకు కూడా బిగించి వచ్చాడు. దాంతో దూదక్క చదువు పైపుల్లో నీళ్ళకన్నా ముందే వీధంతా పారింది.

మొదటి అంతస్తులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ ఆవిడ ఆమెను మెట్ల మీదే పట్టుకుంది.

"ఏ దేశం పోతున్నావు?"

"ఎక్కడికీ పోవట్లేదు."

"మరి జీతం పెంచుతానన్నాడా మీ డాక్టరు?"

"లేదే."

"పోనీ ఎవరితో మాట్లాడతావు ఆ భాష?"

"ప్రస్తుతానికి ఎవరూ లేరు."

దర్జీ ఆవిడ నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి చేతిలో పెట్టుకుంది. ఇంత ముఖ్యమైన మాట సూదులు పెట్టుకుని చెప్పలేదు మరి. "ఉద్యోగానికి కాదు, ఊరికి కాదు, మాట్లాడటానికి మనిషి లేడు. నీకేమైనా మనసు బాగాలేకపోతే చెప్పు, తోడుగా కూర్చుంటాను" అంది. నిజంగానే ఆ సాయంత్రం బిస్కెట్లు పట్టుకుని వచ్చి గంటసేపు తోడుగా కూర్చుంది కూడా.

ఇక అత్తగారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మాట కత్తి, చెవి పాము. భాష పేరు వినగానే, "మందు పేరులా ఉంది. తిండికి ముందా, తిన్నాకా?" అని ఊరుకుంది. కాని రోజూ గోడకవతలి నుంచి పాఠం వింటూ, అందులో ఒక మాట పదేపదే వస్తున్నట్టు పసిగట్టింది. దూదక్క ఆ వారం చుట్టరికాల పాఠంలో ఉంది. నాలుగోరోజు అత్తగారు చేతికర్ర టకటకలాడించుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఈ బోపత్రీనో ఎవరు?"

దూదక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "మీరే అత్తయ్యా."

"నాకు తెలుసు నన్నేనని! ఆ గొంతు వింటేనే తెలుస్తోంది. ఎన్నాళ్ళ నుంచి తిడుతున్నావు?"

"అయ్యో, తిట్టు కాదత్తయ్యా! పత్రీనో అంటే అమ్మ. పెళ్ళివల్ల వచ్చిన చుట్టరికానికి ముందు 'బో' తగిలిస్తారు. బోపత్రీనో అంటే అత్తగారు."

"అంటే బోడి అమ్మననా?"

"బోడి కాదు, బో. పెళ్ళితో వచ్చిన అమ్మ అని."

అత్తగారు మాట నిజమా, కప్పిపుచ్చడమా అన్నట్టు కోడలి మొహం కేసి కాసేపు చూసింది. తర్వాత ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "సరే, ముసలిదాన్ని ఏమంటారో చెప్పు. అదీ వినేస్తే ఒక పనైపోతుంది."

"ముసలికి వేరే మాటే లేదత్తయ్యా. యూనా అంటే పడుచు. దాని ముందు 'మాల్' పెడితే ఎదురు అర్థం వస్తుంది. మాల్‌యూనా. పడుచు కానిది, అంతే."

"ముసలి అన్న మాటే లేదూ?"

"లేదు."

"కంటి డాక్టరంటే ఏమో అనుకున్నాను, మర్యాద తెలిసినవాడే" అంది అత్తగారు. ఆ తర్వాత పాఠం వేళకు ముక్కాలిపీట వంటింట్లోనే ఉండిపోయింది. పెద్దావిడ అక్కడ కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండేది. తాను నేర్చుకుంటున్నట్టు ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

క్లినిక్‌లో కథ వేరుగా నడిచింది. అలవాటున నోటికొచ్చిన మాటలు కుర్చీ దగ్గర కూడా అనేసేది దూదక్క. "నోరు తెరవండి" అనడానికి బదులు "మాల్‌ఫెర్ము లా బూషోన్" అనేది. ఫెర్ము అంటే మూయి, ముందు మాల్ చేరితే తెరువు. ఆమె చూపుడువేలు గడ్డం మీద ఉంటుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు, అందరూ తెరిచేవారు. కాని ఒక పెద్దింటావిడ మాత్రం, "మత్తిచ్చేముందు ఆవిడ ఏవో మంత్రాలు చదువుతోంది" అని ఫిర్యాదు చేసింది. డాక్టరుగారు మితభాషి. "కుర్చీ దగ్గర వద్దమ్మా" అన్నారు. అంతే. దూదక్క వారం రోజులు వాన గురించి, పిల్లి గురించే మాట్లాడింది.

తర్వాతి సోమవారం ఒక లారీ డ్రైవరు వచ్చాడు. ఆరడుగుల పైన మనిషి, చెయ్యి చూస్తే చాట. కాని సూది కనబడగానే మొహం తెల్లగా పాలిపోయి, కుర్చీలోంచి జారి నేలమీద కూర్చున్నాడు. రెండోసారి ఎక్కించారు, రెండోసారీ జారాడు. మూడోసారి దవడలు బిగించేశాడు. బయట బెంచీ నిండా జనం. డాక్టరుగారు సూది వెనక దాచుకుని, "ఏదో ఒకటి చెప్పమ్మా ఈయనకి. నీ భాషే చెప్పు, ఫరవాలేదు" అన్నారు.

దూదక్క పీట ఎక్కింది. "మాల్‌ఫెర్ము లా బూషోన్."

"ఆఁ? ఏమన్నారు?" అన్నాడు డ్రైవరు. ఆ 'ఆఁ' చాలింది, డాక్టరుగారు పని కానిచ్చేశారు. దవడ మొద్దుబారాక ఆమె లెక్క మొదలుపెట్టింది. "నేను పది దాకా లెక్కపెడతాను, మీరు మనసులో అనుకోండి. ఉను, దు, త్రి, క్వార్..." డ్రైవరు కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. "క్విన్, సెస్, సెప్, ఓక్..." టంగుమని పన్ను ట్రేలో పడింది. దూది పెట్టించుకుని గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి వచ్చి, రెండు చేతుల వేళ్ళూ తొమ్మిది చూపించి, తర్వాత పది చూపించి, ఏంటన్నట్టు తలెగరేశాడు.

"నౌ, దెక్" అంది దూదక్క. "మాట్లాడకండి, అరగంట."

అతను వెళ్ళాక డాక్టరుగారు చేతులు తుడుచుకుంటూ, "సూది వేసేటప్పుడు చెబుతూ ఉండమ్మా. అర్థం తెలియని మాట వింటూ ఎవడూ భయపడలేడు. అర్థమేంటా అని ఆలోచిస్తాడు" అన్నారు. ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఆమె వినడం అదే మొదటిసారి.

బావగారికి ఈ వార్త ఆలస్యంగా చేరింది, ఆయన మోకాలి నొప్పితో రెండు నెలలు ఇల్లు కదల్లేదు కాబట్టి. తెలిశాక మొదటి ఆదివారమే వచ్చారు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, రొట్టెముక్క టీలో ముంచుకుంటూ మొదలుపెట్టారు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని, ఇంగ్లీషే రాదు, మనకి ఎస్పెరాంటోనా? అయినా అదో భాషా? భాష అంటే పుట్టాలి, పెరగాలి. ఎవరో గదిలో కూర్చుని తయారుచేస్తే భాషవుతుందా? అది దొంగ సరుకు. తయారుచేసినదాంతో ఎవరికైనా పనవుతుందా?"

దూదక్క టీ పోస్తోంది. కోపంతో అన్నది కాదు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో కళ్ళారా చూసింది కాబట్టి, ఉన్నమాటే ఆమె నోట్లోంచి వచ్చేసింది.

"మీ పళ్ళు కూడా తయారుచేసినవే కదా బావగారూ. మా డాక్టరుగారి దగ్గరే అచ్చు తీసి చేయించాం. రొట్టె బాగానే నములుతున్నారు."

బావగారి దవడ ఆగిపోయింది. భర్త పైకప్పు వైపు చూశాడు. అందరికన్నా ముందు నవ్వింది అత్తగారు. ఆమెకు నవ్వొస్తే ఆగదు. చేతికర్ర కింద పడిపోయింది, కళ్ళనీళ్ళు వచ్చాయి. "నీ కొడుకునని కూడా చూడకుండా..." అని బావగారు ఏదో అనబోయారు. ఆ మాటకు ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి బావగారు టీ మిగిల్చి లేచారు. వెళుతూ గుమ్మంలో ఆగారు గాని టూ బ్రదర్స్ అనలేదు. గొడుగు తీసుకున్నారు, అంతే.

"పెద్దవాడు, అంత మాట అనాల్సింది కాదేమో" అన్నాడు భర్త తర్వాత. అంటూనే మొహం గోడవైపు తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. దూదక్కకు తప్పు చేసినట్టూ ఉంది, గుండె మీంచి బండ దిగినట్టూ ఉంది. ఆ రోజు కప్పులు ఒక్కసారే కడిగింది.

ఈలోగా తంతి పెద్దాయనకు ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి. మొదటి ఉత్తరం ఏడు వాక్యాలు, రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆయన తప్పులు దిద్ది పంపేవారు, తన తప్పులు కూడా వెతికి పట్టుకోమనేవారు. ఆరు నెలలయ్యాక ఒక చిరునామా పంపారు. ఎంతో దూరదేశంలో రైలింజను నడిపే ఒకావిడ. ఆవిడా ఒంటరిగానే నేర్చుకుంటోందట, ఉత్తరాలకు మనిషి కావాలట. దూదక్క రాసింది. జవాబొచ్చింది. ఏడాదిన్నర పాటు ఇద్దరూ ఏం రాసుకున్నారంటే, సిగ్నళ్ళ గురించి, పిప్పి పళ్ళ గురించి, నిలబడి నిలబడి వాచే కాళ్ళ గురించి, ఎవరి అత్తగారు ఏమన్నారో దాని గురించి. ఒకసారి ఇంజనావిడ రాసిన ఒక పేజీ కంటిచెమ్మతో అలుక్కుపోయి వచ్చింది. ఆవిడ పెంపుడు కుక్క పోయింది. దూదక్క నిఘంటువు ముందు పెట్టుకుని ఓదార్పు మాటల కోసం మూడు రోజులు వెతికింది. చివరికి "నేను నీ పక్కన కూర్చున్నాను అనుకో" అని రాసింది. ఆ వాక్యానికి నిఘంటువు అక్కర్లేకపోయింది.

తర్వాత ఒక కార్డు వచ్చింది. సెలవు మీద తిరుగుతున్నాననీ, మీ ఊరి మీదుగానే వెళుతున్నాననీ, రెండు రోజులు మీ ఇంట్లో ఉండవచ్చా అనీ.

ఇల్లంతా అల్లకల్లోలమైంది. భర్త అదివరకు ఊళ్ళో అందరి కుళాయిలూ బాగుచేశాడు గాని సొంత స్నానాల గదిలో కుళాయి నాలుగేళ్ళుగా కారుతూనే ఉంది. ఆ రోజు అరగంటలో బిగించేశాడు. "ఇన్నాళ్ళూ మేం మనుషులం కామా?" అంది అత్తగారు. దర్జీ ఆవిడ కొత్త కర్టెన్లు కుట్టి తెచ్చింది. ఆమెకు ఇప్పటికీ నమ్మకం లేదు. "నిజంగా వస్తుందంటావా? ఉత్తరాల్లో మనుషులు చాలా చెబుతారు" అని, వస్తుందో రాదో చూడటానికి కిటికీ పక్కకు మిషను జరుపుకుంది.

స్టేషనుకు దూదక్క ఒక్కతే వెళ్ళింది. రైలు దిగినావిడ ఆమెకన్నా పొట్టి. అది చూసి కాస్త ధైర్యం వచ్చింది. కాని ఆవిడ నవ్వుతూ వచ్చి గడగడా మాట్లాడేసరికి దూదక్కకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండేళ్ళుగా నేర్చినదంతా కడిగిపెట్టినట్టు పోయింది. పళ్ళికిలించి నిలబడింది. 'అంతేనన్నమాట, ఇదీ ఇంగ్లీషులాగే అయింది' అనుకుంది.

ఇంజనావిడ మాట్లాడటం ఆపేసింది. పెట్టె నిలబెట్టి దానిమీద కూర్చుని, ఒక్కొక్క మాటా విడివిడిగా అంది. "మీ... తీమాస్."

నాకు భయంగా ఉంది.

రెండు మాటలూ గంట కొట్టినట్టు అర్థమయ్యాయి. "అన్‌కౌ మీ" అంది దూదక్క. నాకూను. పెట్టె మీద ఇంకా కాస్త చోటుంటే అక్కడే పక్కన కూర్చుంది. అప్పుడు తెలిసిందేమిటంటే, ఇంజనావిడ కూడా ఈ భాషలో బతికున్న మనిషితో మాట్లాడటం అదే మొదలు. అంతవరకు ఇంజను గదిలో పట్టాలకు చెప్పుకునేదట. తాను పళ్ళకు చెప్పుకునేదాన్నని దూదక్క చెప్పింది. ప్లాట్‌ఫారం మీద జనం తప్పుకుని పోతున్నా పట్టించుకోకుండా ఇద్దరూ నవ్వారు.

బస్సులో వస్తూ, ఈ భాష చాలా సులభం అనబోయి దూదక్క "ఫాకీలా" అంది. ఇంజనావిడ తికమకపడి, కాగితం మీద రాయించి చూసి, "ఫాత్సీలా!" అంది. పెద్దాయన చెప్పినప్పుడు పళ్ళు లేవు కదా, ఆ అక్షరం గాలిలో కలిసిపోయింది. దూదక్క సొంతంగా ఒక ధ్వని కల్పించుకుని రెండేళ్ళుగా అదే అంటోంది. సులభం అన్న మాటనే తప్పు పలుకుతున్నానని తెలిసి ఆమెకే నవ్వాగలేదు. ఇంజనావిడ ప్రతి మాటకూ మొదట్లో బలం ఇస్తోంది, అది చివరినుంచి రెండో అచ్చు మీద పడాలి. అది దూదక్క దిద్దింది. ఇల్లు చేరేలోపు ఒకరి తప్పులు ఒకరికి అప్పజెప్పుకోవడం అయిపోయింది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి పిలవకుండానే బావగారు వచ్చి ఉన్నారు. ఇస్త్రీ కోటు, జేబులో మడతపెట్టిన కాగితం. పరాయిదేశం మనిషి వస్తోందంటే ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదా అని ఆయన ఆలోచన. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో స్వాగతోపన్యాసం చదివారు. నాలుగు నిమిషాలు. మధ్యలో రెండు సామెతలు కూడా ఉన్నాయి. ఇంజనావిడ ఎంతో శ్రద్ధగా విని, దూదక్క వైపు తిరిగి, ఆయన ఏ భాష మాట్లాడుతున్నారని అడిగింది.

"ఆవిడకి ఇంగ్లీషు రాదు బావగారూ."

"రాదా? పరాయిదేశం మనిషికి ఇంగ్లీషు రాకపోవడమేంటి?" బావగారు కాగితం వైపు, ఆవిడ వైపు మార్చిమార్చి చూశారు. కోటులో ఆయన ఉన్నట్టుండి చిన్నవాడైపోయినట్టు అనిపించింది దూదక్కకు. కడిగిన కప్పుల రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. ఈ పూట ఏమన్నా చెల్లుతుంది. కాని మనసొప్పలేదు.

"మన మాటల్లో నాకు చెప్పండి, నేను ఆవిడకి చెబుతాను" అంది.

బావగారు తన ఉపన్యాసాన్ని ఇంటిమాటల్లోకి దించడానికి ప్రయత్నించారు. దించుతున్నకొద్దీ అది కుదించుకుపోయింది. చివరికి, "అంత దూరం నుంచి వచ్చావు, మాకు సంతోషంగా ఉంది అని చెప్పమ్మా" అన్నారు. దూదక్క చెప్పింది. ఇంజనావిడ లేచి వచ్చి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపి, ఏదో అంది.

"ఏమంటోంది?"

"మీ గొంతు స్టేషను మాస్టరు గొంతులా గంభీరంగా ఉందంటోంది."

బావగారు కోటు సవరించుకున్నారు. ఆ సాయంత్రమంతా ఆయన కదల్లేదు.

అయితే అందరినీ నివ్వెరపరిచింది అత్తగారు. ముక్కాలిపీట మీంచి అతిథిని ఎగాదిగా చూసి, చేతికర్రతో నేలమీద తట్టి, "బోపత్రీనో! బోనా? మాల్‌బోనా?" అంది. మీ అత్తగారు మంచిదా, చెడ్డదా అని. ఇంట్లోవాళ్ళందరూ నోళ్ళు తెరిచారు. ఇంజనావిడ అటూ ఇటూ చూసి, అత్తగారి చెవి దగ్గరికి వంగి, గుసగుసగా "మాల్‌బోనా!" అంది. అత్తగారు తృప్తిగా తలాడించింది. "చూశావా, ఆ అమ్మాయి అదృష్టవంతురాలు కాదు. నీకు నేనున్నాను" అంది కోడలితో.

రెండో రోజు ఇంజనావిడ క్లినిక్ చూడాలంది. డాక్టరుగారు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఊరికే ఒకసారి పళ్ళు చూస్తానన్నారు. దూదక్క పీట ఎక్కి, "మాల్‌ఫెర్ము లా బూషోన్" అంది. పద్దెనిమిదేళ్ళ... కాదు, అప్పటికి ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఆ కుర్చీలో ఉన్న మనిషి, నోరు తెరవకుండా ముందు జవాబు చెప్పింది. "తెరుస్తాను గాని, నొప్పి పుడితే కరుస్తాను" అని. డాక్టరుగారికి అనువాదం చేసి చెబితే, ఆయన కూడా నవ్వారు.

ఆవిడ వెళ్ళిపోయాక వీధి మాట మారింది. దర్జీ ఆవిడ మెట్ల మీద ఆపి, "ఆ భాషలో తిట్లున్నాయా? ఉంటే రెండు నేర్పు, మా ఇంటాయనకి అర్థం కాకూడదు" అంది. లారీ డ్రైవరు ఎప్పుడో ఒకసారి హారన్ కొట్టి, కిటికీలోంచి "సాలూతోన్!" అని పలకరిస్తూ పోతాడు. పొద్దున టీ ఇప్పుడు భర్తే పెడుతున్నాడు, ఆమె పాఠం చదువుకునేందుకు వీలుగా.

బావగారు వ్యాకరణం పుస్తకం అడిగి పట్టుకెళ్ళారు. "నేర్చుకోవడానికి కాదు, తప్పులేమైనా ఉన్నాయేమో చూద్దామని" అన్నారు. మూడు వారాల తర్వాత తిరిగి తెచ్చారు. అచ్చుతప్పులన్నిటికీ ఎర్రసిరాతో గుర్తులు పెట్టారు. కుర్చీలో కూలబడి, "పదహారు సూత్రాలేనట. ఒక్కదానికైనా మినహాయింపు లేదు! నేను ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి చెప్పిందంతా మినహాయింపులే. ఇలాగైతే మేష్టార్లు ఏమై పోవాలి?" అన్నారు. ఆ ప్రశ్న ఆయన్ను నిజంగానే బాధపెడుతోందని దూదక్కకు అర్థమైంది. ఇంకో కప్పు టీ పోసింది.

ఆ మరుసటి ఏడాది జనాభా లెక్కలవాళ్ళు వచ్చారు. చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చిన అమ్మాయి, బల్లమీద కాగితాలు పరిచి ఒక్కొక్కరి వయసూ పనీ రాసుకుంది. దూదక్క దగ్గరికి వచ్చేసరికి, "మాతృభాష కాకుండా ఇంకేమైనా భాషలు వచ్చా?" అని అడిగింది.

"ఎస్పెరాంటో."

ఆ అమ్మాయి జాబితా పైనుంచి కింద దాకా వేలితో వెతికింది. "ఇందులో లేదండి. ఇది ఎక్కడ మాట్లాడతారు?"

దూదక్క కాస్త ఆలోచించి, "మా ఇంట్లోనండి" అంది.

"ఇతరములు అని రాస్తాను" అంది ఆ అమ్మాయి. రాసి, అత్తగారి వైపు తిరిగింది. "మామ్మగారూ, మీకు?"

"నాకూ రాసుకో అమ్మా" అంది అత్తగారు. "నలభై మాటలు వచ్చు. అందులో మూడు మంచివి కావు."